పూనకమూ కాదు, నటనా కాదు

పుంగనూరు దగ్గరి పల్లెలో ఒకామె నాతో అంది: "వంట చేస్తా చేస్తా యాడికో పోతానక్కా. తెలివొస్తే బస్టాండులో ఉంటాను. మధ్యలో ఏం జరిగిందో తెలీదు."

అత్తవారు గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. మదనపల్లెలో ఒక డాక్టరు భర్తనే అడిగి, హిస్టీరియా అని తేల్చి నిద్రమాత్రలు రాశాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆమె చెప్పిన తేదీలు కలవడం లేదని నా నోట్సులో 'పొంతన లేదు' అని రాసుకున్నాను.

హిస్టీరియా అన్న మాట పుట్టింది గ్రీకులో గర్భసంచి పేరు నుంచి! దాన్ని వీలైనంతవరకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992 వర్గీకరణలోనే చెప్పింది. ఇది డిసోసియేటివ్ డిజార్డర్. భరించలేని అనుభవం నుంచి మనసు తెగి పక్కకు పోతుంది, జ్ఞాపకం ఖాళీ అవుతుంది. చాలామంది విషయంలో వెనుక చిన్ననాటి హింస ఉంటుంది. నేను రాసుకున్న ఆ పొంతన లేకపోవడమే జబ్బు లక్షణం. దీన్ని నయం చేసే ప్రత్యేకమైన మందు లేదు. నెలల తరబడి ఓపికగా వినే చికిత్సకులు కావాలి. పక్కన అత్త కూర్చుంటే ఆమె ఏం చెబుతుంది?

పుట్టిల్లు కుప్పం. తమ్ముడు అక్కడ రైలెక్కించి బెంగుళూరు నిమ్హాన్స్‌కు తీసుకెళ్లాడు. తొలిసారి ఆమెతో ఒంటరిగా మాట్లాడారు. రెండుసార్లు వెళ్లి, కూలి పోతోందని మానేసింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం వైద్యం కోసం ఎవరినీ దూరాలు తిప్పకూడదు. టెలిమానస్ 14416కు ఫోన్ చేయమంటారు. ఫోను భర్త జేబులో ఉంది. ఈ మూడు ఊళ్ల మహిళా సంఘాలు కలెక్టర్లను అడగాల్సింది ఇదీ: ప్రభుత్వాసుపత్రిలో వారానికొక రోజు సైకాలజిస్టు, తలుపు మూసుకుని మాట్లాడే గది, బస్సు ఛార్జీ.