మాటసాయము అమ్మదగినదా?

మన పెద్దలు “మాటసాయము” అను పలుకును వాడుదురు. ఒకడు కొత్త యూరికి పోయి పని వెదకుకొనునప్పుడు, వాని నెరిగిన పెద్దమనిషి “ఈ పిల్లవాడు నమ్మదగినవాడు” అని చెప్పినచో, ఆ యొక్క మాటతో తలుపు తెరువబడును. ఆ మాటకు వెల లేదు. వెల లేకుండుటచేతనే దానికి విలువ కలిగినది. అట్టి మాటను నెలజీతముపై కొనిపెట్టు వృత్తి యొకటి మన కాలమున వెలసినది. మన పాఠశాల విడిచి కళాశాలలకును, అటనుండి బెంగుళూరు, హైదరాబాదులకును పోవు విద్యార్థులలో కొందరికి ఈ కొలువు దొరకవచ్చును. కావున దానినిగూర్చి ముందుగనే యోచించుట మంచిదని మేము తలంచుచున్నాము.

ఆ వృత్తి పేరు సెర్చి ఇంజను ఆప్టిమైజేషను, వాడుకలో ఎస్.ఇ.ఓ. అందురు. ఎవరైన గూగులులో ఒక విషయమును వెదకినప్పుడు, తమ యజమాని వెబ్‌సైటు మొదటి వరుసలలో కనబడునట్లు చేయుట ఆ పని. వెదకువారిలో పెక్కుమంది మొదటి నాలుగైదు పేర్లకు మించి చూడరు గనుక, వ్యాపారులకు ఆ స్థానము మిక్కిలి ప్రియమైనది.

ఆ వరుస యెట్లేర్పడును? 1998వ సంవత్సరమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులైన లారీ పేజి, సెర్గీ బ్రిన్ అనువారు గూగులు సంస్థను స్థాపించిరి. వారి పద్ధతికి మూలము పండితుల యాచారమే. శాస్త్రజ్ఞుడు వ్యాసము వ్రాయునప్పుడు తనకు ఆధారమైన పూర్వవ్యాసములను పేర్కొనును. పలువురు పేర్కొన్న వ్యాసము గణనీయమైనదని లోకము గ్రహించును. ఆలాగే ఒక సైటునుండి మరియొకదానికి దారి చూపు లింకును వారు సాక్ష్యముగ నెంచిరి. అందరి సాక్ష్యము సమానము గాదు. పలువురు గౌరవించు సైటు పలికిన సాక్ష్యమునకు బరువెక్కువ. నేడు గూగులు మరి యనేక విషయములను గూడ చూచుచున్నది. ఐనను లింకునకు విలువ పోలేదు.

ఇట్టి సాక్ష్యమునకు దృష్టాంతము మన మదనపల్లె యొద్దనే కలదు. ఆరోగ్యవరము క్షయరోగ చికిత్సాలయము 1915లో ప్రారంభింపబడినది. 1950వ సంవత్సరము మొదలుకొని అచ్చటి వైద్యులు ఈ చుట్టుపట్ల పల్లెలలో బి.సి.జి. టీకాను పరీక్షించి, ఫలితములను 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించిరి. 1994లో అమెరికా వైద్యులు కొందరు ఆ టీకాపై పలు దేశములలో జరిగిన పరీక్షలను కూర్చి చూచినప్పుడు, మదనపల్లె పేరును లెక్కలోనికి తీసికొనిరి. ఇచ్చట టీకా కలిగించిన రక్షణ ఆ లెక్కలో స్వల్పముగనే కనబడినది. ఐనను ఆ పరీక్షను వారు విడిచిపెట్టలేదు. రూకలిచ్చి ఆ పేరును వ్రాయించినవారు లేరు. పని ముందు జరిగినది, సాక్ష్యము వెనుక వచ్చినది.

లింకుల వ్యాపారులు ఈ క్రమమును తలక్రిందులు చేయుదురు. సొమ్ము పుచ్చుకొన్నామని చెప్పకయే వ్యాసము నడుమ లింకు చేర్చు సైట్లు కలవు. “నీవు నన్ను పొగడుము, నేను నిన్ను పొగడెదను” అని యొప్పందము చేసికొనువారు కలరు. పదుల కొలది సైట్లను తామే కల్పించి, అవి యన్నియు ఒక్కనికే సాక్ష్యము పలుకునట్లు చేయువారును కలరు. మూతపడిన మంచి సంస్థల సైటు చిరునామాలను కొని, వాటి పాత గౌరవమును వాడుకొనుట వేరొక విధము. ఇది చనిపోయినవాని చేవ్రాలు పెట్టుట వంటిది.

వ్యాపారి పత్రికలో ప్రకటన వేయించుట తప్పు గానప్పుడు ఇది మాత్రమేల తప్పని కొంద రడుగుదురు. ప్రకటన ప్రకటనయని చదువరికి తెలియును. తెలిసి, దానికి తగినంతయే నమ్మును. కొన్న లింకు తాను కొనబడలేదని నటించును. పెద్ద సంస్థలు ముందు వరుస లాక్రమింపగా చిన్నవ్యాపారికి వేరు దారి లేదందురు. ఆ కష్టము నిజమే. మేము దానిని తేలికగ చూడము. కాని సాక్ష్యము అంగడికి వచ్చిన పిమ్మట ఎక్కువ కొనగలవాడు ధనవంతుడే. చిన్నవాడు అక్కడను వెనుకనే నిలుచును.

పైగా ఇది యజమానికే చేటు తెచ్చును. అమెరికాలో జె.సి. పెన్నీ యను గొప్ప వర్తకసంస్థ అనేక వస్తువుల వెదకులాటలో నెలల తరబడి మొదట కనబడెను. 2011 ఫిబ్రవరిలో న్యూయార్కు టైమ్స్ పత్రిక, సంబంధములేని సైట్లలో ఆ సంస్థకై వేలకొలది లింకులు పెట్టబడెనని బయటపెట్టెను. గూగులు శిక్షింపగా, ఒక ప్రయాణపు పెట్టె పేరున మొదటిదిగానున్న సంస్థ రెండు గంటలలో 71వ స్థానమునకు దిగెను. తామట్టి పనికి అనుమతింపలేదని సంస్థవారు చెప్పిరి. 2012 ఏప్రిలులో గూగులు “పెంగ్విన్” అను మార్పు తెచ్చి ఇట్టి లింకులను మరింత అణచెను. ఐనను బేరము నేటికిని ఆగలేదు.

యజమాని నష్టముకన్న మాకు బాధాకరమైనది వేరొకటి. మన టొమేటో మార్కెట్టులో పైన ఎఱ్ఱని కాయలు పేర్చి అడుగున చెడినవి పెట్టినవానిని వ్యాపారి మరునాడు నిలదీయగలడు. కాని పుంగనూరు పల్లెలో తల్లికి జబ్బుచేసి, అర్ధరాత్రి ఫోనులో వైద్యుని వెదకు కుమారుడు, మొదటి పేరు అచ్చటి కెట్లు వచ్చెనో ఎరుగడు. మోసపోయినను ఎవరిని అడుగవలెనో వానికి తెలియదు. ఆ బేరములో పాల్గొనని వాడే దాని వెల చెల్లించును.

ఈ వృత్తి యంతయు చెడ్డదని మేమనము. పుటను స్పష్టముగ వ్రాయుట, త్వరగా తెరుచుకొనునట్లు చేయుట, చిరునామాను సరిగా చూపుట, తెలుగువారికి తెలుగున విషయమందించుట గౌరవమైన పనులు. ఇతరులు తమంతట పేర్కొనదగిన సమాచారమును సిద్ధపరచుట అంతకన్న గొప్పది.

ప్రియ విద్యార్థులారా, ఇంటి కష్టములచే మొదటి కొలువును వదలుకొనుట సులభము గాదని మే మెరుగుదుము. ఐనను “ఈ నెల ఇన్ని లింకులు తెమ్ము” అని మిమ్ము నియమించినప్పుడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ లింకు ఎట్లు వచ్చెనో దానిని నమ్మి వచ్చువానికి చెప్పగలనా? చెప్పగలిగిన చేయుడు. చెప్పలేనిచో, మీరు అమ్ముచున్నది యజమాని సరకు గాదు, పరుల నమ్మకమని తెలిసికొనుడు.