భూమి కదిలితే పరుగెత్తాలా, ఆగాలా?

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలు. హన్మకొండలో మా అత్తయ్య వంటింట్లో నిలబడి ఉన్నారు. ఒక్కసారిగా తూలినట్టయింది. బీపీ మాత్ర వేసుకోలేదని గుర్తొచ్చి గోడ పట్టుకున్నారు. అల్మరాలో గిన్నెలు గలగలమన్నాక గానీ, ఊగుతున్నది తాను కాదని, ఇల్లని తెలియలేదు. నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "మీ దగ్గర కూడా ఊగిందా?"

ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపం హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ వరకు తెలిసింది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు. కానీ ఆ కొద్ది సెకన్లలో లక్షల మంది ఏం చేశారన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయం. కొందరు కదలకుండా ఉండిపోయారు. కొందరు ఫ్యాన్ వంక చూశారు. పిల్లల్ని చంకనేసుకుని మెట్ల వైపు పరుగెత్తినవారూ ఉన్నారు. వీళ్లలో ఎవరు సరైన పని చేసినట్టు?

మొదటి సెకన్లు అనుమానానికే

భూకంపం అలవాటు లేని చోట మనిషి మొదట భూమిని అనుమానించడు. తన తలనో, వీధిలో పోతున్న లారీనో అనుమానిస్తాడు. పక్కవాడి మొహం చూసి, అతనికీ తెలిసిందని రూఢి అయ్యాకే కదులుతాడు. 2025 ఫిబ్రవరి 17న తెల్లవారుజామున 5 గంటల 36 నిమిషాలకు ఢిల్లీలో వచ్చినది 4.0 తీవ్రత భూకంపమే. కేంద్రం నగరంలోనే, ధౌలాకువా దగ్గర, అయిదు కిలోమీటర్ల లోతున ఉండటంతో పెద్ద శబ్దం కూడా వినిపించింది. ఏదో పేలిందని, పక్కన ఏదో కూలిందని అనుకున్నవారు చాలామంది.

దీన్నంతా మనం 'భయాందోళన' అనే ఒక్క మాటలో తేల్చేస్తాం. విపత్తుల్లో మనుషుల ప్రవర్తనను దశాబ్దాల పాటు పరిశీలించిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎన్రికో క్వారంటెల్లి దీన్ని ఒప్పుకోలేదు. మతి తప్పి ప్రవర్తించడం చాలా అరుదని, భయపడినా జనం తమకు తోచినంతలో ఆలోచించే కదులుతారని ఆయన వాదన. అలాగైతే మెట్ల మీదికి పరుగెత్తేవాడి ఆలోచన ఏమిటి?

ఢాకా చెప్పిన సమాధానం

2025 నవంబరు 21, శుక్రవారం ఉదయం బంగ్లాదేశ్‌లోని నర్సింగ్‌ది ప్రాంతంలో భూకంపం వచ్చింది. తీవ్రత మన ములుగు భూకంపం కంటే కొంచెమే ఎక్కువ. కానీ అక్కడ కనీసం పది మంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. పాత ఢాకాలో భవనం పైనుంచి రెయిలింగ్ విరిగి దారిన పోతున్నవారి మీద పడింది. విశ్వవిద్యాలయ హాస్టళ్లలో పై అంతస్తుల నుంచి దూకి విద్యార్థులు గాయపడ్డారు. గాజీపూర్ గార్మెంట్ ఫ్యాక్టరీల్లో బయటికి తోసుకు రావడంలో చాలామంది కార్మికులు నలిగిపోయారు.

ఆ కార్మికులకు బుద్ధి లేదనడం సులువు. అయితే, 2013 ఏప్రిల్‌లో ఢాకా శివార్లలోని రాణా ప్లాజా భవనానికి పగుళ్లు వచ్చాయని ముందురోజే తెలిసినా, గార్మెంట్ కార్మికుల్ని లోపలికి పంపారు. అది కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ రంగంలో పనిచేసేవారు గోడ కదలగానే తలుపు వైపు పరుగెత్తారంటే, అది మతిలేని భయం కాదు. ఆ భవనం కట్టినవారి మీద, దానికి అనుమతి ఇచ్చినవారి మీద నమ్మకం లేకపోవడం.

సలహా వెనుక ఉన్న షరతు

కంపం వచ్చినప్పుడు కిందికి వంగాలి, గట్టి బల్ల కిందికి చేరాలి, తల కాపాడుకోవాలి, కదలిక ఆగాక లిఫ్ట్ వాడకుండా బయటికి రావాలి: స్థూలంగా జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పేది ఇదే. మంచి సలహా. కానీ దాని వెనుక చెప్పని షరతు ఒకటుంది. భవనం నిలబడాలి.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో ఆ షరతు నెగ్గలేదు. మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలు, బరువైన పైకప్పులు నిద్రలో ఉన్నవారి మీద పడ్డాయి. దాదాపు పది వేల మంది చనిపోయారు. 2001 జనవరి 26న భుజ్ భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లోనూ అపార్ట్‌మెంట్లు కూలాయి. కింది అంతస్తును పార్కింగ్ కోసం గోడల్లేకుండా స్తంభాల మీద వదిలేసిన కట్టడాలు వాటిలో చాలా ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడ వీధుల్లో నడిచేవారికి అలాంటి కట్టడం ఎలా ఉంటుందో వర్ణించి చెప్పనక్కర్లేదు.

అలాగని బయటికి పరుగెత్తితే క్షేమమా? అదే రోజు కచ్‌లోని అంజార్ పట్టణంలో గణతంత్ర దినోత్సవ ఊరేగింపుగా బయలుదేరిన పిల్లలు ఇరుకు వీధిలో ఉన్నారు. రెండు వైపులా ఇళ్లు వాళ్ల మీదికి కూలాయి. 185 మంది విద్యార్థులు, 20 మంది ఉపాధ్యాయులు చనిపోయారు. ఆరుబయట ఉండటానికీ, ఖాళీ స్థలంలో ఉండటానికీ చాలా తేడా ఉంది.

కదలిక ఆగిన తర్వాత

భూమి నిలిచాక మనసు కారణం వెతుకుతుంది. 1934 బిహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి శిక్ష అని గాంధీ అన్నప్పుడు, ఆ మాటను రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా ఖండించారు. ములుగు భూకంపానికి మూడు నెలల ముందు తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు కూలడంతో, రెంటినీ ముడిపెట్టి బోలెడు కథలు పుట్టాయి. 2025 ఏప్రిల్‌లో రామగుండం దగ్గర పెద్ద భూకంపం రానుందన్న సందేశాలు ఫోన్లలో తిరిగాయి. రోజు, వేళ ముందే చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. ఫలానా రోజు వస్తుందన్న సందేశం ఎవరు పంపినా అబద్ధమే.

అయితే తర్వాతి ప్రకంపనల భయాన్ని దీనితో కలపకూడదు. 2015 ఏప్రిల్ 25 నాటి నేపాల్ భూకంపం తర్వాత ఖాట్మండు జనం రోజుల తరబడి మైదానాల్లో టార్పాలిన్ల కింద పడుకున్నారు. మే 12న 7.3 తీవ్రతతో భూమి మళ్లీ కంపించింది. అది మరో రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇంట్లోకి వెళ్లడానికి వెనుకాడినవారి భయం నిజమే అయింది.

కాబట్టి పరుగెత్తాలా, ఆగాలా అన్నది ఆ క్షణంలో తేల్చుకునే ప్రశ్న కాదు. గోదావరి లోయకు భూకంపాలు కొత్త కావు. 1969లో భద్రాచలం దగ్గర భూమి గట్టిగానే కంపించింది. మన ఇంటి స్తంభాల్ని ఇంజినీరు చూశాడా, వీధి చివర ఖాళీ జాగా ఉందా, బడిలో పిల్లలకు ఒక్కసారైనా సాధన చేయించారా అన్నవి భూమి కదలనప్పుడు అడగాల్సిన ప్రశ్నలు. అత్తయ్య వాళ్ల అపార్ట్‌మెంట్ సంఘం ఆ తర్వాత సమావేశమైంది. లిఫ్ట్ మరమ్మతు గురించి, నీటి ట్యాంకర్ల గురించి మాట్లాడుకున్నారట. కింది అంతస్తు స్తంభాల సంగతి ఎవరూ ఎత్తలేదు.