కొలువులో కోటాసారస్

దసరాకు మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. ఏడు మెట్లు. పై మెట్టు మీద దేవుళ్లు, ఆ కింద దశావతారాలు, ఆ తర్వాత కొండపల్లి ఏనుగు అంబారీ, పెళ్లి మేళం, తాళపత్రం చదివే పంతులుగారు. కొన్నేళ్ల కిందట మా అమ్మాయి అట్టడుగు మెట్టును ఆక్రమించింది. పుట్టినరోజులకు వచ్చిన ప్లాస్టిక్ డైనోసార్లన్నింటినీ అక్కడ బారులు తీర్చింది. నోరు తెరిచిన టైరనోసారస్ రెక్స్, దాని ముందు పరుగు తీస్తున్న స్టెగోసారస్. "వీటికి కొలువులో చోటేమిటే?" అంది మా అమ్మ. "పైన చేప, తాబేలు, పంది లేవా నాయనమ్మా?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. మా అమ్మకు జవాబు దొరకలేదు. బొమ్మలు ఉండిపోయాయి.

జవాబు దొరకని ప్రశ్న వేసింది పేరంటానికి వచ్చిన ఒక సైన్స్ టీచరు. శనగలు కొంగులో కట్టుకుంటూ, "ఈ రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడు చూశాయమ్మా?" అని అడిగారు. స్టెగోసారస్ బతికింది సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట. టీ రెక్స్ అంతరించింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. అంటే స్టెగోసారస్‌కూ టీ రెక్స్‌కూ మధ్య ఉన్న దూరం కన్నా, టీ రెక్స్‌కూ మనకూ మధ్య ఉన్న దూరమే తక్కువ. లెక్క ప్రకారం టీ రెక్స్ తరమాల్సింది స్టెగోసారస్‌ను కాదు, పక్క మెట్టు మీది పంతులుగారిని.

నవ్వుకున్నాం గానీ, మా ఇంట్లో ఒక వ్యాపకం మొదలైంది ఆ రోజే. ప్రాచీన జంతువుల బొమ్మలు సేకరించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. కొందరు వాటిని అద్దాల బీరువాలో వరసగా నిలబెడతారు. మరికొందరు ఒక్కో బొమ్మకూ ఒక నేల, ఒక చెట్టు, ఒక నీటి మడుగు తమ చేతులతో చేసిపెడతారు. దాన్నే డయోరమా అంటారు. మనకిది కొత్త విద్యేమీ కాదు. అద్దం ముక్కతో చెరువు, రంగు పొట్టుతో పొలం, ఆవాలు మొలకెత్తించి పచ్చిక, తడి ఇసుకతో కొండ చేసే ప్రతి తెలుగు ఇల్లాలికీ ఆ పని వచ్చు. కాకపోతే ఇక్కడ ఒక నిబంధన ఎక్కువ. మడుగు ఒడ్డున ఏ మొక్క నాటినా, అది ఆ కాలంలో ఉండేదా అని అడగాలి. బీరువాలో నిలబెట్టిన బొమ్మ ఏ ప్రశ్నా అడగదు. నేల మీద నిలబెట్టిన బొమ్మ అడగకుండా ఉండదు.

ఈ పనిని మొట్టమొదట భారీగా చేసినవాడు బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అనే ఇంగ్లీషు శిల్పి. 1854లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ తోటలో, చెరువులో దీవులు కట్టి, వాటి మీద నిలువెత్తు ప్రాచీన జంతువులను నిలబెట్టాడు. డైనోసార్ అనే మాటను 1842లో సృష్టించిన రిచర్డ్ ఓవెన్ ఆయనకు సలహాదారు. వాటిలో ఇగ్వానడాన్ ముక్కు మీద ఒక కొమ్ము ఉంటుంది. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో నిండు అస్థిపంజరాలు దొరికాక తేలిందేమంటే అది కొమ్ము కాదు, బొటనవేలి ముల్లు. అయినా ఆ బొమ్మలను ఎవరూ పగలగొట్టలేదు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆనాటికి మనిషికి ఎంత తెలుసో చెప్పే సాక్ష్యాలుగా నిలిచాయి. 1993 నాటి 'జురాసిక్ పార్క్' సినిమా చూసి చేసిన వెలాసిరాప్టర్ బొమ్మల గతీ అంతే. ఆ జంతువుకు ఈకలు ఉండేవని, దాని ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కున్న గుర్తులు చూపి 2007లో శాస్త్రవేత్తలు నిరూపించారు. సైజు కూడా సినిమాలో చూపినంత లేదు, దాదాపు టర్కీ కోడంత.

ఇంతకీ మా అమ్మాయి కొలువులో ఉన్నవన్నీ అమెరికా డైనోసార్లే. మన నేల మీద నడిచినవి లేవా? ఉన్నాయి, అదీ మన గుమ్మం ముందే. ప్రాణహిత, గోదావరి లోయలో సిరోంచ దగ్గరి కోట అనే ఊరి పేరుతో పిలిచే రాతి పొరలు ఉన్నాయి. జురాసిక్ కాలం నాటివి. అక్కడి పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోది) కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు సుమారు 300 ఎముకలు తవ్వి తీశారు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు. 'బరా పా' అంటే బెంగాలీలో పెద్ద కాలు. 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం. అందుకే దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టి 1975లో ప్రకటించారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియొలాజికల్ సర్వే వారికి మరో శాకాహారి ఎముకలు దొరికాయి. కనీసం 12 జంతువులవి, 840 ముక్కలు. పి. యాదగిరి 1988లో దానికి పెట్టిన పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్న అస్థిపంజరం దానిదే. ఒక తెలంగాణ పల్లె పేరు డైనోసార్ల శాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోయిన సంగతి మన బడి పిల్లల్లో ఎందరికి తెలుసు?

దుకాణాల్లో వెతికాం. కోటాసారస్ బొమ్మ మాకు దొరకలేదు. దాంతో చేసుకోక తప్పలేదు. 40వ వంతు స్కేలు అనుకుంటే, 9 మీటర్ల జంతువు 22 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. పక్కన మనిషిని పెడితే నాలుగు సెంటీమీటర్లు. ఇనుప తీగతో వెన్ను, కాగితం గుజ్జుతో ఒళ్లు. కాళ్లు, తోక బిర్లా సెంటర్‌కు వెళ్లి చూసి, కొలిచి చేశాం. తల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాం. ఎందుకంటే 840 ముక్కల్లో తల లేదు. దొరికినవి రెండు పళ్లు మాత్రమే. బారాపాసారస్‌దీ ఇదే కథ. దాని బంధువుల తలలను బట్టి ఊహించి చేయడమే తప్ప, దాని ముఖం చూసినవాళ్లు ఎవరూ లేరు.

అసలు పేచీ పచ్చిక దగ్గర వచ్చింది. మనవరాలి కోసం మా అమ్మ ఆవాలు చల్లి మొలకెత్తించిన మెట్టును సిద్ధం చేసింది. "అప్పుడు గడ్డి లేదు నాయనమ్మా" అని పిల్ల అడ్డుకుంది. కోటాసారస్ విషయంలో పిల్ల మాటే నిజం. జురాసిక్ నేలల మీద ఫెర్నులు, సైకాడ్‌ల వంటి మొక్కలు, కోనిఫర్ చెట్లే. నిజానికి డైనోసార్ బొమ్మ పక్కన గడ్డి పెట్టకూడదన్నది చాలాకాలం డయోరమా చేసేవాళ్లకు మొదటి పాఠం. ఆ పాఠాన్ని సగం తిరగరాసింది మన దేశమే. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లా పిస్‌దూరాలో శిలగా మారిన పేడ ముద్దలు దొరుకుతాయి. టైటనోసార్లు అనే భారీ శాకాహారులవని భావిస్తున్నవి. వందనా ప్రసాద్, అశోక్ సాహ్నీ తదితరులు వాటిని పరీక్షించి, గడ్డి జాతుల్లో మాత్రమే ఏర్పడే సూక్ష్మ సిలికా కణాలను కనుగొన్నారు. 2005లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, డైనోసార్ల చివరి రోజుల్లో దక్కనులో గడ్డి మొలిచింది. అందులో వరికి దూరపు బంధువులూ ఉన్నాయి. అంటే మా అమ్మ పచ్చిక తప్పు కాదు, పది కోట్ల ఏళ్లు ముందు పడింది.

ఈ శాస్త్రంలో చోటుకు ఉన్న విలువ ఇదే. పేడ ముద్ద ఏ పొరలో దొరికిందో తెలియకపోతే అది ఉత్త రాయి. గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీలో 1984లో ఒక గూడు దొరికింది. అందులో గుడ్లు, అప్పుడే బయటపడ్డ పిల్ల ఎముకలు, పగిలిన గుడ్డును చుట్టుకుని ఒక పాము. సుమారు మూడున్నర మీటర్ల ఆ పాముకు 2010లో సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. అది ప్రకృతి స్వయంగా చేసిన డయోరమా. అందులోంచి ఒక్క గుడ్డును ఎవరైనా షోకేసు కోసం ఎత్తుకుపోయి ఉంటే కథంతా పోయేది. నర్మదా లోయలో 92 గూళ్లు, 256 గుడ్ల మీద 2023లో వెలువడిన అధ్యయనం కూడా, గూడుకూ గూడుకూ ఉన్న దూరాన్ని బట్టే టైటనోసార్లు గుంపుగా గుడ్లు పెట్టేవని చెప్పగలిగింది. అదే ఏడాది మధ్యప్రదేశ్ ధార్ జిల్లా పాడ్ల్యాలో, ఒక కుటుంబం కాకర్ భైరవుడిగా తరతరాలుగా పూజిస్తున్న గుండ్రాళ్లు డైనోసార్ గుడ్లని నిపుణులు తేల్చారు. పొలాలను, పశువులను కాపాడతాయని మొక్కి, ఆ ఊళ్లోనే ఉంచినవాళ్లను నేను తప్పుపట్టను. రాయిని సంచీలో వేసుకుని దాని ఊరు మరిచిపోయేవాడికన్నా వాళ్లు నయం. సేకరించే సరదా ఉన్నవాళ్లు బొమ్మలను సేకరించాలి. ఎముక కనబడితే దాని చోటులోనే ఉంచి, ఎరిగినవాళ్లకు కబురు చేయాలి.

కిందటి దసరాకు మా కొలువులో రెండు మెట్లు పెరిగాయి. కొలువుకు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి కాబట్టి తొమ్మిదయ్యాయి. ఒకదాని మీద ఫెర్నుల మధ్య కోటాసారస్. రెండోదాని మీద మా అమ్మ పచ్చిక, అందులో ఒక టైటనోసార్. కోటాసారస్ ముందు మా అమ్మాయి చిన్న అట్టముక్క నిలబెట్టింది. దాని మీద రాసింది ఇది: 'కాళ్లు, తోక చూసి చేశాం. తల మా ఊహ.' వచ్చినవాళ్లందరికీ దాన్ని చదివి వినిపించింది మాత్రం మా అమ్మ.