బొగ్గు తారు మిగిల్చిన నేల కాలుష్యం: సిడ్నీ అనుభవం

ఉక్కు తయారీకి అవసరమైన కోక్ కోసం బొగ్గును గాలి సోకకుండా సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేసినప్పుడు తారు, బెంజీన్, నాఫ్తలీన్ వెలువడతాయి. తారులోని బెంజోపైరీన్ క్యాన్సర్ కారకం. అది మట్టి రేణువులను అంటిపెట్టుకొని దశాబ్దాలపాటు నిలిచి ఉంటుంది.

కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రం సిడ్నీలో 1988 వరకు పనిచేసిన కోక్ ఓవెన్ల వ్యర్థాలు వాగు ద్వారా చేరి, దాదాపు 7 లక్షల టన్నుల మడ్డి కలుషితమైంది. మడ్డిని తవ్వి దహనం చేసేందుకు జరిగిన తొలి యత్నం ఫలించలేదు. 2004లో ప్రభుత్వాలు 40 కోట్ల కెనడా డాలర్లు ప్రకటించాయి. మడ్డిలో సిమెంటు కలిపి గట్టిపరచి, పైన మట్టి కప్పి, 2013లో ఆ స్థలాన్ని ఉద్యానవనంగా ప్రారంభించారు.

విశాఖపట్నం వంటి ఉక్కు కేంద్రాలకు ఇందులోని పాఠం స్పష్టం: తారును ఓవెన్ల వద్దనే పూర్తిగా సేకరించాలి. నేలలో ఇంకిన తరువాత దానిని తొలగించడం కష్టం. ఆ భారం చివరకు ప్రజాధనంపైనే పడుతుంది.