అన్నిటికీ ఒకటే 'ఉద్దేశం' కాదు

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే మన మెయిల్స్ నిండా ఒకటే మాట: విల్. రేపే రైలెక్కేవాడూ 'ఐ విల్ జాయిన్' అనే రాస్తాడు, ఎమ్మెస్‌కి వెళ్లాలా వద్దా అని ఊగిసలాడేవాడూ అదే రాస్తాడు. చదివే హెచ్‌ఆర్‌కి మాత్రం అది మాట ఇచ్చినట్టే.

ఇంటెండ్, ప్లాన్, ఎయిమ్, మీన్... దేని అర్థం వెతికినా 'ఉద్దేశం' దగ్గరే ఆగిపోతాం. తెలుగుని పక్కన పెట్టేసి ఇంగ్లిష్ నేర్చుకోవడం వల్లే ఈ తిప్పలు అని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ తేడాలు మనం ఇంట్లో రోజూ పాటించేవే.

'గేట్ రాయాలని ఉంది' అంటే ఒట్టి కోరిక, అది వాంట్. 'రాద్దామనుకుంటున్నా' అంటే ఇంకా తేలలేదు, థింకింగ్ ఆఫ్. 'రాయాలని నిశ్చయించుకున్నా' అంటే ఇంటెండ్. ఏ నెలలో ఏ సబ్జెక్టో కూడా రాసి పెట్టుకుంటే ప్లాన్. ఫీజు కట్టేసి 'రాయబోతున్నా' అంటే గోయింగ్ టు. మంచి ర్యాంకు మీద గురి పెడితే ఎయిమ్. 'కావాలని చేయలేదురా' అంటాం చూడండి, అందులోని 'కావాలని' మీన్ టు.

చిక్కల్లా 'చేస్తాను' దగ్గరే. రోజూ చేసే పనికీ, రేపటి పనికీ, మాట ఇవ్వడానికీ మనకి అదొక్కటే. అందుకే అన్నిచోట్లా విల్ దొర్లుతుంది. ఫోన్ మోగగానే 'నేను తీస్తా' అంటే విల్ సరిపోతుంది. ముందే అనుకున్న పనికైతే గోయింగ్ టు నయం.

ఇది భాషా పండితుల గొడవ అనుకోకండి. నాసా సిస్టమ్స్ ఇంజనీరింగ్ హ్యాండ్‌బుక్ చూడండి. రిక్వైర్‌మెంట్లు రాసేటప్పుడు 'షల్' అంటే తప్పనిసరి, 'విల్' అంటే వాస్తవం లేదా ఉద్దేశ ప్రకటన, 'షుడ్' అంటే లక్ష్యం అని విడదీసి చెప్పారు. షల్ బదులు షుడ్ పడితే, చేసి తీరాల్సిన పని కాస్తా చేస్తే బాగుండే పని అయిపోతుంది.

మన మెయిల్‌లోనూ అంతే. తేలని విషయానికి విల్ అని రాస్తే, మనని నమ్మి ఆపి ఉంచిన ఉద్యోగం పక్క బెంచీలో ఎదురుచూస్తున్న ఫ్రెండ్‌కి దక్కకుండా పోవచ్చు. కాబట్టి సెండ్ నొక్కే ముందు ఆ వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకోండి. నోటికి 'చేరదామనుకుంటున్నా' అని వస్తే, ఇంగ్లిష్‌లోనూ అంతే రాయండి. ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కించొద్దు.