ఆ నిశానీ ఎవరిది?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్ కన్నా, నా ఫోన్ పాడైపోయిందిరా. బ్యాంకు యాప్ అప్‌డేట్ చేద్దామంటే ఎక్కట్లేదు."

కంపెనీలో నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా బంధువుల్లో మాత్రం ఫ్రీగా దొరికే ఫోన్ రిపేరు కుర్రాణ్ణి. ఇడ్లీ తింటూనే "ప్లే స్టోర్ ఓపెన్ చెయ్ పిన్నీ" అన్నా.

"ప్లే స్టోర్ ఎందుకురా, వాట్సాప్‌లోనే పంపారు. సాయంత్రంలోగా కేవైసీ చేయకపోతే అకౌంటు ఆగిపోతుందట."

ఇడ్లీ పక్కన పెట్టేశా.

స్క్రీన్‌షాట్ పంపమంటే పంపింది. బ్యాంకు బొమ్మ, బ్యాంకు రంగులు అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. కింద చిన్నక్షరాల్లో ఒక ముక్క ఉంది: ఇప్పటికే ఉన్న ప్యాకేజీతో పొసగడం లేదు కాబట్టి యాప్ ఇన్‌స్టాల్ కాలేదని. పిన్ని ఏ ఫోన్‌నైతే తిడుతోందో ఆ ఫోనే ఆమె డబ్బుల్ని కాపాడింది. ఆ ఫైల్ డిలీట్ చేయించి, తెలియని యాప్‌లు ఎక్కించడానికి వాట్సాప్‌కి ఇచ్చిన పర్మిషన్ తీయించేశా. డబ్బు పోలేదు కాబట్టి సరిపోయింది, పోయుంటే ముందు 1930కి ఫోన్ చేయించేవాణ్ణి.

అంతా అయ్యాక పిన్ని మంచి ప్రశ్న అడిగింది. "చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదరా, నాకే తేడా తెలియలేదు. మరి ఫోన్‌కెలా తెలిసింది?"

మా నాన్నమ్మకి చదువు రాదు. రిజిస్ట్రార్ ఆఫీసులో కాగితాల మీద ఆవిడ నిశానీయే, అంటే వేలిముద్రే. ఆవిడ ఎవరు, మంచిదా చెడ్డదా అన్నది ఆ ముద్ర చెప్పదు. పోయినసారి వేసిన మనిషి, ఈసారి వేసిన మనిషి ఒకరేనా అన్నది మాత్రం చెబుతుంది. ఆండ్రాయిడ్ పద్ధతి కూడా ఇదే. ప్రతి యాప్‌నీ తయారుచేసినవాళ్లు తమ దగ్గరున్న రహస్య తాళంచెవితో సంతకం చేస్తారు. ఆ తాళంచెవికి జతగా ఒక సర్టిఫికెట్ యాప్‌తో పాటే వస్తుంది. అదేమీ రహస్యం కాదు, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. మొదటిసారి యాప్ ఎక్కినప్పుడు ఫోన్ ఆ సర్టిఫికెట్‌ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అదే ప్యాకేజీ పేరుతో అప్‌డేట్ వస్తే కొత్త సర్టిఫికెట్‌ని పాతదాంతో పోలుస్తుంది. తేడా ఉంటే లోపలికి రానివ్వదు.

పిన్ని విషయంలో దొంగ అతి తెలివికి పోయి ప్యాకేజీ పేరు కూడా బ్యాంకుదే పెట్టాడు. అక్కడే దొరికాడు. వేరే పేరు పెట్టుంటే ఫోన్‌కి పోల్చుకోవడానికి పాతది ఉండేది కాదు, కొత్త యాప్ అనుకుని ఎక్కించేసేదే. పెళ్లి శుభలేఖలనీ, ట్రాఫిక్ చలాన్లనీ వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు అలాగే లోపలికి దూరుతున్నాయి. ఈ సంగతి పిన్నికి చెప్పలేదు. ఆ పూటకి ఆవిడ పడ్డ కంగారు చాలనిపించింది.

ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు ఒక విషయం గుచ్చుకోవడం మొదలైంది. పోల్చే పని ఎప్పుడూ ఫోనే చేయదు. కొన్నిచోట్ల మాలాంటి వాళ్లం రాసిన కోడ్ చేస్తుంది. అది ఎంత గట్టిగా చేస్తోంది?

నేను పనిచేసే చోట కిరాణా షాపులకి ఖాతా యాప్ చేస్తాం. ఎవరెంత బాకీ, వాళ్ల ఫోన్ నంబరు ఏంటి, అన్నీ అందులోనే. దానికి తోడుగా వసూలు యాప్ ఒకటుంది, బాకీలు వసూలు చేసే కుర్రాళ్ల కోసం. అది బయటి కాంట్రాక్టర్ చేసింది కాబట్టి సంతకం కూడా వాళ్లదే. రెండింటికీ ఒకే సంతకం ఉంటే ఆండ్రాయిడే చూసుకునేది, మాకీ గొడవ ఉండేది కాదు. వసూలు యాప్ వచ్చి "ఖాతా ఇవ్వు" అంటే, ఖాతా యాప్ అడిగిందెవరో చూసి ఇవ్వాలి. అంటే అడిగిన యాప్ సర్టిఫికెట్ నుంచి ఒక చిన్న నంబరు లెక్కగట్టి, మా దగ్గర రాసిపెట్టుకున్న నంబరుతో సరిపోతేనే తలుపు తీయాలి. అలా లెక్కగట్టడాన్నే హ్యాషింగ్ అంటారు. ఎంత పెద్ద ఫైలిచ్చినా ఒకే సైజు నంబరు వస్తుంది. మంచి హ్యాష్ అయితే ఇచ్చినదాంట్లో ఒక్క అక్షరం మారినా నంబరు మొత్తం మారిపోతుంది.

సోమవారం ఆఫీసుకెళ్లి ఆ కోడ్ తెరిచా. ఎవరో ఎప్పుడో రాసింది అనుకున్నా. పక్కన పేరు చూస్తే నాదే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఇంటర్నెట్‌లో కనిపించిన నాలుగు లైన్లు తెచ్చి అతికించా. జావాలో ప్రతి వస్తువుకీ హ్యాష్‌కోడ్ అని ఒక నంబరు వస్తుంది కదా, సర్టిఫికెట్ మీద అది పిలిచి ఊరుకున్నా. పేరులో హ్యాష్ ఉంది, అంతే. అది జాబితాల్లో వస్తువులు తొందరగా వెతుక్కోవడానికి పెట్టిన లెక్క, కాపలా కాయడానికి పెట్టింది కాదు. పొడవు 32 బిట్లు. అంటే వచ్చే నంబర్లు మొత్తం 429 కోట్లు. వినడానికి పెద్దగా ఉంటుంది కానీ లాప్‌టాప్‌కి ఇదొక లెక్కే కాదు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ఈ మాట చెప్పా, చూద్దాం అంది. మర్నాడు పొద్దున నా డెస్క్ మీద ఫోన్ పెట్టి "అన్నా, ఓపెన్ చెయ్" అంది. అందులో ఆమె రాత్రి చేసిన వసూలు యాప్ ఉంది. ప్యాకేజీ పేరు అదే, తాళంచెవి మాత్రం ఆమెది, సర్టిఫికెట్టూ ఆమె చేసిందే. నంబరు కలిసేదాకా సర్టిఫికెట్‌లో నాలుగు బైట్లు అటూ ఇటూ మార్చుకుంటూ పోయిందట. తెరవగానే మా టెస్ట్ షాపు ఖాతా మొత్తం కళ్ల ముందు పరుచుకుంది. పేర్లు, నంబర్లు, బాకీలు అన్నీ. అసలు వసూలు యాప్ లేని ఏ షాపు ఫోన్‌లోనైనా ఇది పనిచేస్తుంది. అంటే వాట్సాప్‌లో ఒక ఏపీకే పంపితే చాలు. పిన్నికి వచ్చినట్టే.

నాకు కాసేపు నోట మాట రాలేదు. ఆమె ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

మధ్యాహ్నం మీటింగ్‌లో, మార్చాలి అన్నదాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా దేనికి మార్చాలన్నదాని మీదే. మా మేనేజర్ షా-1 చాలన్నారు. మ్యాప్స్‌కీ, గూగుల్ లాగిన్‌కీ మనం ఇచ్చే వేలిముద్ర అదే కదా, అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది అని ఆయన వాదన. నేను షా-256 అన్నా.

"షా-1 విరిగింది, విరిగింది అంటారు. మరి మన సర్టిఫికెట్‌తో కలిసే ఇంకో సర్టిఫికెట్ ఎవరైనా చేసి చూపించారా?" అని ఆయన సూటిగా అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే లేదు. అదే చెప్పా. ఇక్కడ తేడా చాలామందికి తెలియదు. మనకి నచ్చిన రెండు ఫైళ్లు తయారుచేసి రెండింటికీ ఒకే హ్యాష్ వచ్చేలా చేయడం ఒక పని. వేరేవాళ్ల సర్టిఫికెట్ ముందే ఉండగా, సరిగ్గా దానికే కలిసేది తయారుచేయడం వేరే పని. రెండోది చాలా చాలా కష్టం. షా-1 మీద జరిగినవి మొదటి రకానివే. రేపే షా-1తో ఇల్లు మునిగిపోతుందని చెప్పేవాళ్లని నేనూ నమ్మను.

కానీ ఈ కథ ఇంతకుముందు ఒకసారి జరిగింది. ఎండీ5 అని షా-1 కన్నా ముందు హ్యాష్ ఒకటుండేది, 1992లో బయటికొచ్చింది. 2004లో చైనా పరిశోధకురాలు షియావ్యున్ వాంగ్ బృందం దాంట్లో ఒకే హ్యాష్ వచ్చే జతలు చూపించింది. ఉత్తి జతలే కదా, నష్టమేంటి అన్నవాళ్లున్నారు. 2008లో కొందరు పరిశోధకులు 200 దాకా ప్లేస్టేషన్ 3లు కలిపి, బ్రౌజర్లన్నీ నమ్మే నకిలీ సర్టిఫికెట్ అధికారాన్నే తయారుచేశారు. అవును, వీడియోగేమ్ డబ్బాలతోనే. 2012లో ఫ్లేమ్ అనే మాల్వేర్ బయటపడింది. అది ఎండీ5 బలహీనత వాడుకుని మైక్రోసాఫ్ట్ సంతకంలా కనిపించే సంతకంతో తిరిగింది. అంటే ఉత్తి జతల నుంచి నకిలీ సంతకం దాకా రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

షా-1 కూడా అదే దారిలో నడుస్తోంది. 1995లో వచ్చింది. 2005లో మళ్లీ షియావ్యున్ వాంగ్ బృందమే కాగితం మీద దాని లోపం చూపించింది. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ, గూగుల్ కలిసి ఒకే షా-1 వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు బయటపెట్టాయి. దాని చివరి దశ ఒక్కటే ఒంటరి గ్రాఫిక్స్ కార్డుకి ఇస్తే 110 ఏళ్లు పట్టేంత పని. మూడేళ్లు తిరక్కుండా, 2020 జనవరిలో లోరాన్, పెయ్రాన్ అనే ఇద్దరు పరిశోధకులు మొదలు మనకి నచ్చినట్టు పెట్టుకుని కూడా జత కలపొచ్చని చేసి చూపించారు. గ్రాఫిక్స్ కార్డులు అద్దెకి తీసుకుంటే 45 వేల డాలర్లలో అయిపోతుందని లెక్క కూడా వాళ్లే చెప్పారు. అప్పటి రేటుకి సుమారు 32 లక్షల రూపాయలు. హైదరాబాద్‌లో ఆ డబ్బుకి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కూడా రాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అయితే 2030 చివరికల్లా షా-1 పూర్తిగా వదిలేయాలని 2022 డిసెంబర్‌లోనే ప్రకటించింది.

ఇవన్నీ చెప్పి చివరికి నేను గెలిచింది వేరే పాయింట్ మీద. షా-1 పొడవు 20 బైట్లు, షా-256 పొడవు 32. మాకయ్యే అదనపు ఖర్చు పన్నెండు బైట్లు. ఒక వాట్సాప్ స్టిక్కర్‌కి అంతకంటే ఎన్నో వేల రెట్లు ఖర్చుపెడతాం. పైగా ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ పరీక్షని సిస్టమే చేసిపెడుతుంది. దానికి సర్టిఫికెట్ మొత్తమైనా ఇవ్వాలి, లేదా షా-256 అయినా ఇవ్వాలి, షా-1 తీసుకోదు. మేనేజర్ నవ్వేసి "ముందే ఇది చెప్పొచ్చుగా" అన్నారు.

కోడ్ మార్చడం ఒక్క రోజు పని. కాంట్రాక్టర్‌ని అడిగితే వాళ్ల తాళంచెవి షా-256 వేలిముద్ర పంపారు, పెట్టేశా. వాళ్లు పంపిన ఏపీకేతో టెస్ట్ చేశాం, బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ అమ్మాయి చేసిన దొంగ యాప్‌కి తలుపు మూసుకుంది. శుక్రవారం సాయంత్రం ప్లే స్టోర్‌లోకి వదిలాం. అవును, శుక్రవారం. ఇంజినీర్లు చదువుతుంటే తిట్టుకోండి.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి సపోర్ట్ టీమ్ ఫోన్. వసూలు కుర్రాళ్లకి ఖాతా రావడం లేదు. తలుపు అసలువాళ్ల ముఖం మీద కూడా మూసుకుంది.

కారణం దొరకడానికి రెండు గంటలు పట్టింది. దొరికాక తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇప్పుడు ప్లే స్టోర్‌లో చాలా యాప్‌లకి ఆఖరి సంతకం చేసేది గూగులే. డెవలపర్ తన తాళంచెవితో సంతకం చేసి పైకి పంపుతాడు, గూగుల్ అది సరిచూసుకుని, ఆ యాప్ కోసం తన దగ్గర భద్రంగా దాచిన వేరే తాళంచెవితో సంతకం చేసి జనానికి ఇస్తుంది. కాంట్రాక్టర్ నాకిచ్చింది పైకి పంపే తాళంచెవి వేలిముద్ర. మేం టెస్ట్ చేసిన ఏపీకే మీద సంతకమూ అదే, అందుకే కలిసింది. కుర్రాళ్ల ఫోన్లలో ఉన్నది ప్లే స్టోర్ నుంచి దిగినది. ప్లే కన్సోల్‌లో ఈ రెండు వేలిముద్రలూ ఒకదాని కింద ఒకటి స్పష్టంగా రాసుంటాయి. చూడాలి, అంతే.

పది శాతం షాపులకే వదిలాం కాబట్టి బతికిపోయాం. సరైన వేలిముద్ర పెట్టి పదకొండుకల్లా అప్‌డేట్ పంపాం, అది ప్లే స్టోర్ దాటి ఫోన్లకి చేరేసరికి సాయంత్రం అయింది. ఆ శనివారం కొన్ని షాపుల వాళ్లు పాత పద్ధతిలో చిట్టీలు రాసిచ్చి కుర్రాళ్లని పంపారట. పైకి పంపే తాళంచెవి వేలిముద్రని జాబితాలోంచి తీసేశా. దాంతో మా టెస్టింగ్ కొంచెం నెమ్మదించింది, కాంట్రాక్టర్ రెండుసార్లు విసుక్కున్నాడు కూడా. ఇద్దాం అంటే ఇంకో తాళంచెవికి కూడా తలుపు తీసినట్టు అవుతుంది, నేను ఒప్పుకోలేదు.

ఇంకా పాత వెర్షన్‌తోనే నడుపుతున్న షాపులు కొన్ని మిగిలాయి. వాటిలో ఆ 429 కోట్ల తాళమే ఉంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాం. జడ్చర్లలో ఒక పెద్దాయన అయితే మూడుసార్లు చెప్పినా ఒకటే మాట. "గిది మంచిగనే నడుస్తుంది గదా తమ్మీ, మళ్ల అప్‌డేట్ ఎందుకు? పోయినసారి జేస్తే బటన్ల జాగ మారిపాయె." ఆయన చెప్పిందీ నిజమే, పోయినసారి బటన్లు మార్చింది మేమే. వచ్చే మంగళవారం నేనే బస్సెక్కి వెళ్తున్నా.