రైతు కథ నుంచి రంపం దాకా

2025 ఫిబ్రవరిలో వాషింగ్టన్ సమీపంలో జరిగిన అమెరికా కన్జర్వేటివ్‌ల సదస్సులో అర్జెంటీనా అధ్యక్షుడు హావియర్ మిలే, ఎలాన్ మస్క్‌కు ఒక మోటారు రంపాన్ని కానుకగా ఇచ్చారు. మస్క్ దాన్ని రెండు చేతులా పట్టుకుని తలపైకి ఎత్తారు. సభ హోరెత్తింది. 2023 ఎన్నికల ప్రచారంలో మిలే ఊరూరా ఊపింది అలాంటి రంపాన్నే. ఆయన చదువుకున్న ఆర్థికవేత్త. అయినా ఓట్లు తెచ్చింది ఆ చదువు కాదు, నాలుగు ముక్కల్లో ఇమిడిన కథ. రాజకీయ వర్గం దేశాన్ని తినేసింది, వాళ్లు పెంచిన మానును మొదలంటా నరకడానికి నేనొచ్చాను అన్నారు. జనం నమ్మారు.

నమ్మడానికి కారణముంది. ఆయన పదవిలోకి వచ్చిన 2023లో అర్జెంటీనాలో ఏడాది ద్రవ్యోల్బణం 211 శాతం. జీతం చేతికొచ్చిన రోజున కొన్న సరుకు, నెలాఖరుకు అదే డబ్బుతో కొనలేని దేశం. మంత్రిత్వ శాఖలను మిలే సగానికి తగ్గించారు, లోటు బడ్జెట్‌ను ఆపారు. ధరల వేగం నిజంగానే తగ్గింది. దాన్ని కాదనడం న్యాయం కాదు. 2025 అక్టోబరు మధ్యంతర ఎన్నికల్లోనూ ఆయన పక్షమే ముందు నిలిచింది. అయితే అంతకుముందు జరిగిన మరో సంగతి ఆ కథలో వినిపించదు. 2024 తొలి ఆరునెలల్లో పేదరికం దాదాపు 53 శాతానికి ఎగబాకింది. ఏడాది చివరికి 38 శాతానికి దిగింది కానీ ఆ మధ్యకాలంలో మందులు మానేసినవాళ్లు, పూట తగ్గించుకున్నవాళ్లు ఉన్నారు. బ్యూనస్ ఏర్స్‌లో పార్లమెంటు ముందు బుధవారం బుధవారం పింఛనుదారులు నిరసనకు నిలబడితే, స్వేచ్ఛ పేరుతో గెలిచిన ప్రభుత్వం వాళ్ల మీదికి పోలీసులను పంపింది.

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. రాజ్యం చేతిలో అధికారం ఎంత తక్కువ ఉంటే మనిషికి అంత మేలన్న స్వేచ్ఛావాదాన్ని నేను తేలిగ్గా తీసేసేవాణ్ని కాను. ఆ ఆలోచనలో బలం ఉంది. కానీ ఆ ఆలోచన ఎవరి కథగా చెబుతున్నారన్నదాన్ని బట్టి దాని నడత మారిపోతుంది. కథలో ముఖ్యపాత్ర ఆఫీసు గుమ్మం ముందు కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషి అయితే అది ఒక రకం రాజకీయం. నరికేవాడు ముఖ్యపాత్ర అయితే వేరే రాజకీయం.

స్వేచ్ఛావాదులకు కథ చెప్పడం కొత్త కాదు. ఫ్రాన్స్‌లో ఆర్థికవేత్త ఫ్రెడరిక్ బాస్తియా 1845లో రాసిన అర్జీ ఇప్పటికీ ఆర్థికశాస్త్రం తరగతుల్లో వినిపిస్తుంది. కొవ్వొత్తులు, దీపాలు చేసే వ్యాపారులంతా కలిసి పార్లమెంటుకు మొరపెట్టుకుంటారు. ఒక విదేశీ పోటీదారు మా సరుకుకు గిరాకీ లేకుండా చేస్తున్నాడు, వెలుగును ఉచితంగా పంచుతున్నాడు, కాబట్టి దేశంలో కిటికీలన్నీ మూయించండి అంటారు. ఆ పోటీదారు సూర్యుడు. దిగుమతి సుంకాలు ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన కథ నేను చదవలేదు. అందులో నష్టపోయేది పేరులేని కొనుగోలుదారు, పొద్దుటి ఎండ ఇంట్లోకి రానిచ్చుకునే సామాన్యుడు.

బాస్తియా కథ చెప్పి ఊరుకోలేదు. 1848లో పారిస్‌లో విప్లవం వచ్చి రాజు పారిపోయాడు. ఊరంతా అట్టుడుకుతున్న ఆ రోజుల్లో బాస్తియా రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సోషలిస్టు లూయీ బ్లాంక్ ఆలోచనలను జీవితాంతం ఖండించినా, అల్లర్ల నేరం మోపి బ్లాంక్‌ను విచారించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దానికి వ్యతిరేకంగానే ఓటు వేశారు. 1849లో కార్మికులు సంఘాలు పెట్టుకుని సమ్మె చేయడాన్ని నేరంగా చూసే చట్టం చర్చకొస్తే సభలో లేచి కార్మికుల పక్షాన మాట్లాడారు. యజమానికి సరుకు అమ్ముకునే స్వేచ్ఛ ఉంటే, కూలివాడికి తన శ్రమను అమ్మకుండా ఆపుకునే స్వేచ్ఛా ఉండాలన్నది ఆయన తర్కం. మరుసటి ఏడాది చివర్లో క్షయతో రోమ్‌లో కన్నుమూశారు. తన కథను శత్రువుకు కూడా వర్తింపజేసిన మనిషి ఆయన. ఇవాళ స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చే నాయకుల్లో ఈ గుణం ఎంతమందికి ఉందో వెతుక్కోవాలి.

ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి కథానాయకుడు మారాడు. విప్లవ రష్యాలో తండ్రి మందుల దుకాణాన్ని బోల్షివిక్కులు స్వాధీనం చేసుకోవడం చూసిన అమ్మాయి అమెరికా చేరి అయన్ రాండ్ అయింది. ఆమె కోపం అర్థం కాని కోపం కాదు. కానీ 1957లో వచ్చిన ‘అట్లాస్ ష్రగ్డ్’లో లోకాన్ని మోసేది కొద్దిమంది మేధావులు, పారిశ్రామికవేత్తలు. మిగతా జనం వాళ్ల మీద బతికేవాళ్లు. బాస్తియా కథలోని కొనుగోలుదారు ఈ నవలలో కనుమరుగయ్యాడు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ నవల అమ్మకాలు అమాంతం పెరిగాయి. ఇవాళ రంపం ఎత్తి పట్టుకుంటున్నవాళ్లు ఆ నవలకు వారసులు.

మన తెలుగునాట ఇంతకంటే మంచి కథలే ఉన్నాయి, మనమే వాటిని ఆ కోణంలో చదవలేదు. మద్యనిషేధం కాలాన్ని తీసుకోండి. చెట్టెక్కి కల్లు గీసి పొట్ట పోసుకునేవాడిని చట్టం రాత్రికి రాత్రి నేరస్థుణ్ని చేసింది. గౌతు లచ్చన్న ఆ గీత కార్మికుల పక్షాన నిలబడి ఉద్యమం నడిపారు. ఆ నిషేధం వివాదం మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఇక రాచకొండ విశ్వనాథశాస్త్రి. విశాఖలో వకీలుగా ఆయన కళ్లారా చూసిన లోకమే ‘ఆరు సారా కథలు’ అయింది. నిషేధం చట్టం పుస్తకంలో నీతిగా కనిపిస్తుంది. వీధిలోకి దిగేసరికి అది పోలీసుకు మామూలు, దళారికి బేరం, సారా అమ్ముకునే పేదరాలికి జైలు. శాస్త్రిగారు వామపక్షం మనిషి, స్వేచ్ఛావాది అనిపించుకోవడానికి ఒప్పుకునేవారు కాదు. అయినా అధికారం చట్టం వేషంలో పేదవాడి మెడ ఎలా పట్టుకుంటుందో తెలుగులో ఆయన కంటే బాగా చూపించినవాళ్లు నాకు కనబడరు. పేదవాడి మీద ప్రేమ, రాజ్యం మీద అనుమానం ఒకే గుండెలో ఉండగలవని ఆ కథలు రుజువు చేశాయి.

గీత కార్మికుడి తర్వాత రైతు కథ. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. రైతులు తమ కమతాలను కలిపి సాగు చేయాలన్నది దాని సారం. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్జీ రంగా కాంగ్రెస్ వదిలి బయటికొచ్చారు. రాజాజీ, మీనూ మసానీ వంటివారితో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దాని తొలి అధ్యక్షుడయ్యారు. లచ్చన్న కూడా అటే నడిచారు. రంగాను జమీందార్ల మనిషి అనడానికి ఎవరికీ నోరు రాదు. 1930లలో వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలో ముందు నిలిచింది ఆయనే. నిన్న జమీందారు చేతిలో నలిగిన రైతు రేపు సర్కారు చేతిలో నలగకూడదన్నది ఆయన చెప్పిన కథ. అది పల్లెకు సూటిగా చేరింది. పర్మిట్ల రాజ్యం మీద రాజాజీ రాతలు పట్టణానికి చేరాయి. 1962లో 18 లోక్‌సభ స్థానాలు గెలిచిన పార్టీ 1967లో 44కు ఎదిగి ప్రతిపక్షాల్లో అతి పెద్దదైంది.

1971లో ఆ సంఖ్య 8కి పడిపోయింది. ఇందిరాగాంధీ ‘గరీబీ హటావో’ గాలి ఒక కారణం. పార్టీ తన కథానాయకుణ్ని పోగొట్టుకోవడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. వేదికల మీద రాజావార్లు, రాణీవార్లు, పెద్ద వ్యాపారులు నిండిపోయారు. రైతు స్వేచ్ఛ గురించి మొదలైన మాట రాజభరణాల దగ్గరికి వచ్చి ఆగింది. 1967లో రంగాను లోక్‌సభకు పంపింది శ్రీకాకుళం. అదే ఏడాది అదే జిల్లా ఏజెన్సీలో గిరిజనులు భూమి కోసం తిరగబడ్డారు. షావుకారు అప్పు కింద భూమి పోగొట్టుకున్న సవర, జాతాపు రైతులకు స్వతంత్ర పార్టీ దగ్గర చెప్పడానికి కథ లేదు. ఇష్టపూర్వకంగా అమ్ముకున్నాడు, ఇష్టపూర్వకంగా కొన్నాడు అన్న సూత్రం కొండమీద పనిచేయదు. ఒకరికి ఆకలి, మరొకరికి ఖాతా పుస్తకం ఉన్నచోట ఇష్టం అన్న మాటే అబద్ధం. అందుకే 1970లో వచ్చిన 1/70 చట్టం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. ఆ ఆంక్ష సబబేనని నేను నమ్ముతాను. కానీ రెవెన్యూ ఆఫీసు వేసే ప్రతి ఆంక్షా అలాంటిది కాదు.

చుక్కల భూముల సంగతి చూడండి. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంట్ జరిగినప్పుడు యజమాని ఎవరో తేలనిచోట రిజిస్టరులో పేరుకు బదులు చుక్కలు పెట్టారు. తాతల నుంచి దున్నుకుంటున్న కుటుంబం చేతిలో శిస్తు రసీదులుంటాయి, ఊరంతా సాక్ష్యం చెబుతుంది. కానీ రిజిస్టరులో చుక్కలే ఉన్నాయి కాబట్టి ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు జరగని 22-ఏ నిషేధిత జాబితాలోకి వెళ్లింది. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళితే కాగితం కదలదు. దీన్ని సరిదిద్దడానికి 2017లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తప్పించారు. ఎవరో గుమస్తా పెట్టిన చుక్కకు విలువ ఇచ్చి, నాగలి పట్టిన చేతికి విలువ ఇవ్వని వ్యవస్థ అన్ని పార్టీల పాలనలోనూ నడిచింది.

ఈ అనుభవం తెలిసిన ఆంధ్రప్రదేశ్ రైతు దగ్గరికి ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చింది. తిరుగులేని హక్కు పత్రం ఇవ్వాలన్న దాని లక్ష్యం చెడ్డది కాదు. మన దేశంలో రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజు కూడా హక్కుకు పూర్తి భరోసా కాదు. సివిల్ కోర్టుల్లో భూతగాదాలు తరాలు నడుస్తాయి. కానీ ఆ చట్టం వివాదాన్ని అధికారి చేతిలో పెట్టి, సివిల్ కోర్టు తలుపు మూసింది. న్యాయవాదులు విధులు బహిష్కరించి వీధికెక్కారు. పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి ఫొటో, సర్వే రాయి మీద ఆయన పేరు అప్పటికే ఉన్నాయి. మీ భూమి మీది కాకుండా పోతుందన్న మాట 2024 ఎన్నికల్లో కార్చిచ్చులా పాకింది. అందులో అతిశయోక్తి ఉంది. అయినా నిలిచిందంటే, ఆ భయానికి రైతు ఇంట్లోనే రుజువులు ఉన్నాయి. కొత్త ముఖ్యమంత్రి బాధ్యతలు తీసుకున్న రోజే చట్టం రద్దుకు సంతకం చేశారు. తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణిని బంగాళాఖాతంలో కలుపుతామన్న నినాదం 2023లో అలాగే మోగింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

రెండుచోట్లా ప్రభుత్వాలు మారాయి, చట్టాల పేర్లు మారాయి. తహసీల్దారు విచక్షణ మాత్రం పెద్దగా తగ్గలేదు. ఎన్నికల్లో కథ చెప్పినవాళ్లకు రైతు భయం అక్కరకొచ్చింది. గెలిచాక రైతు హక్కు అంత అక్కరకు రాలేదు. ఆస్తి హక్కును 44వ సవరణ ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది. 300-ఏ అధికరణం కింద అది రాజ్యాంగ హక్కుగా మాత్రం మిగిలింది. పేదవాడికి ఆ మిగిలిన హక్కు అందాలంటే హైకోర్టు దాకా వెళ్లే ఖర్చు ఉండాలి.

స్వేచ్ఛ గురించి మాట్లాడే నాయకులకు, సంపాదకులకు, కథలు రాసే యువకులకు నా విన్నపం ఇది. మన మండల కార్యాలయం వరండాలోకి వెళ్లి నిలబడండి. అక్కడ కూర్చున్నవాళ్ల చేతిలోని కాగితాలు చదవండి, వాళ్ల మాట వినండి, రాయండి. కౌలు కార్డు దొరకని కౌలుదారుణ్ని, పోడు పట్టా కోసం తిరిగే గిరిజనుణ్ని ఆ కథ నుంచి తప్పించకండి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతివాణ్ని ఒక్క ప్రశ్న అడగండి: కారణం రాతపూర్వకంగా చెప్పకుండా, యజమానికి నోటీసు ఇవ్వకుండా ఒక్క సర్వే నంబరు కూడా నిషేధిత జాబితాలోకి వెళ్లకుండా చట్టం తెస్తారా, తేరా?